కుక్కలు లేని కథ

అరబ్బు ఎడారిలో వఫ్రా అనే చోట ఉన్నన్నాళ్ళూ నేను చరిత్ర లెక్చరర్‌గా చేసి వచ్చినవాణ్ణని చెప్పుకునేవాణ్ణి. మామూలు లెక్చరర్ కాదు, పక్క కాలేజీ పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడి పాఠం వినేవారన్నంత లెక్చరర్ని. అసలు సంగతి ఏమిటంటే, బీఏ ఆఖరి సంవత్సరం తప్పి, అమలాపురంలో ఓ ఎరువుల కొట్టులో బస్తాలు ఎత్తించేవాణ్ణి. వఫ్రాలో అది తేల్చేవాళ్ళెవరు? తొంభైల చివర్లో అక్కడ కీర దోసకాయల గ్రీన్‌హౌసులు, అవి దాటితే ఇసుక. నా తోటలో పనిచేసే మిగతా ఇద్దరూ బెంగాలీలు. తెలుగు వినాలంటే నాలో నేను మాట్లాడుకోవాల్సిందే.

అలాంటి రోజుల్లో దొరికాడు కడప జిల్లా మనిషి. నాకన్నా కాస్త చిన్నవాడు. తోట వెనక ఎడారిలో ఒంటరిగా గొర్రెలు కాసేవాడు. పొద్దు వాలాక మా తొట్టి దగ్గరికి మందను నీళ్ళకి తోలుకొచ్చేవాడు. మొదట్లో అతనికి మాట పెగిలేది కాదు. వారాల తరబడి మనిషి మొహం చూడకపోతే నాలుక కూడా మొద్దుబారుతుంది కాబోలు.

"ఏందన్నా చెప్పున్నా," అంటూ తొట్టి గట్టున కూర్చునేవాడు. "ఏదైనా సరే. తెలుగు ఇనపడితే సాలు."

నాకింకేం కావాలి? ఊరి కబుర్లు అయిపోయాక, నన్ను పరీక్ష తప్పించిన పుస్తకంలోంచే అమెరికా బానిసల కథ తీశాను. ఆఫ్రికా మనుషుల్ని గొలుసులు వేసి ఓడల అడుగున పడేసి తీసుకెళ్ళడం, సంతలో పళ్ళు చూసి కొనడం, చెరుకుతోటలు, పత్తిచేలు. తల్లిని ఒకడికీ బిడ్డను ఒకడికీ అమ్మేవారని చెప్పినప్పుడు అతను దగ్గరున్న గొర్రెపిల్లను ఒళ్ళోకి లాక్కున్నాడు. కొండల్లోకి పారిపోయి సొంత ఊళ్ళు కట్టుకున్నవాళ్ళ గురించీ, హైతీలో తిరగబడి దొరల్ని వెళ్ళగొట్టినవాళ్ళ గురించీ చెప్పాను.

"చివరికి చట్టం తెచ్చి విడిపించారు. ఇంగ్లీషువాళ్ళ దీవుల్లో నష్టపరిహారం కూడా ఇచ్చారు," అన్నాను.

"పాపం, ఆ బానిసోళ్ళకి ఎంతిచ్చినారు?"

"వాళ్ళకి కాదు. యజమానులకి."

అతను చాలాసేపు నవ్వాడు. "ఈ మాట మా కఫీలు చెవిన పడనీయొద్దున్నా."

కఫీలంటే వీసా ఇచ్చి రప్పించుకున్న యజమాని. అతని పాస్‌పోర్టు ఆ కఫీలు బీరువాలో ఉండేది. ఒప్పందం గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇంటికి పంపమని అడిగినప్పుడల్లా "బుక్రా" అనేవాడట, అంటే రేపు అని. మేం బానిసలం కాదు. మమ్మల్ని ఎవరూ సంతలో కొనలేదు, జీతం ఆలస్యమైనా వచ్చేది. ఆ పోలిక నేను పెట్టలేదు. వింటూ వింటూ అతనే పెట్టుకున్నాడు.

అతనికి అన్నిటికన్నా నచ్చింది ధ్రువ నక్షత్రాన్ని గుర్తుపెట్టుకుని బానిసత్వం లేని ఉత్తరానికి నడిచిపోయినవాళ్ళ కథ. దారిలో వాళ్ళని దాచిపెట్టే ఇళ్ళు ఉండేవి. అక్కడే నా చెయ్యి కాస్త ఎక్కువ ఆడింది. దారి పొడుగునా ప్రతి ఇంటికీ లాంతరు వేలాడదీశాను. ప్రతి ఇంట్లోనూ వేడన్నం పెట్టించాను. నా కథలో ఎవరూ పట్టుబడలేదు.

జూలైలో ఒక సాయంత్రం అతను మంద లేకుండా వచ్చాడు. భుజాన తాడుతో కట్టిన రెండు నీళ్ళ డబ్బాలు.

"ఈ పొద్దు పోతాండా అన్నా. ఎంబసీకి. సిటీ ఉత్తరానే గదా? ఆ చుక్క పొడిచినాక చూపిచ్చు."

"ఈ ఎండల్లో నడిచా? దారిలో ఎవరున్నారని?"

అతను దూరంగా ఆకాశం అంచున ఎర్రగా వెలుగుతున్న మంటల్ని చూపించాడు. "అవో, నువ్వు చెప్పిన లాంతర్లు. ఇన్నాళ్ళూ చూస్తానే ఉండా. మన మాదిరోళ్ళని దాచిపెట్టేవాళ్ళు ఆడ ఉంటారు."

"అవి చమురుబావుల దగ్గర గ్యాసు కాల్చే మంటలు తమ్ముడూ. కంచె ఉంటుంది, కాపలా ఉంటుంది. నిన్ను నేరుగా పోలీసులకి అప్పగిస్తారు."

"మరి నువ్వు చెప్పిన ఇండ్లు?"

"అక్కడ ఉండేవి. కొన్నే. చాలామందికి ఒక్కటీ దొరకలేదు. వెంట కుక్కల్ని తోలి పట్టుకునేవారు. వెనక్కి తెచ్చి కొరడాలతో కొట్టేవారు."

"కుక్కలా? కుక్కల మాటే ఎత్తలేదే నువ్వు."

"ఎత్తితే నువ్వు రావడం మానేస్తావని."

అతను డబ్బాలు కింద పెట్టాడు. "లెచ్చరరు సంగతన్నా నిజమేనా?"

"బీఏ తప్పాను."

"ఇంత ఎడారిలో నాకు దొరికింది తప్పినోడా," అని అటు తిరిగి కూర్చున్నాడు. అటు నుంచే అడిగాడు: "దొరికినోళ్ళు మళ్ళా పారిపోయినారా?"

"పోయారు. కొంతమంది మళ్ళీ మళ్ళీ పోయారు."

"ఇది నిజమేనా?"

"నిజం."

"అయితే పోతా. దోవ నువ్వే చూడు."

తెల్లారగట్ల మా తోట కూరగాయలు సిటీ మార్కెట్‌కి పట్టుకెళ్ళే పికప్ ఒకటుండేది. నడిపేవాడు పఠాన్. వచ్చీరాని ఉర్దూలో బతిమాలాను. ముందు సీట్లో కాదు, కీర పెట్టెల వెనక అన్నాడు. ఇది తెలిస్తే నా వీసా కూడా పోతుంది. నేను కొంచెం కూడా జంకలేదని మా వాళ్ళకి చెబుతుంటాను. నిజానికి పెట్టెలు సర్దుతుంటే చేతిలోంచి ఒక పెట్టె జారి కీరకాయలన్నీ ఇసుకలో పడ్డాయి. ముగ్గురం వంగి ఏరుకున్నాం.

"పోయొస్తా అన్నా."

"రాకు," అన్నాను.

ఎంబసీ వీధి మలుపులో దించానన్నాడు పఠాన్. ఆ తర్వాత సంగతి నాకు తెలియదు. అతను కడప చేరాడనీ, నాకు ఫోన్ చేసి ఏడ్చాడనీ సిటీలో బ్నీద్ అల్ గార్ పేటలో మన తెలుగువాళ్ళ గదుల్లో చాలామందికి చెప్పాను. ఏ ఫోనూ రాలేదు. కఫీలు జీపులో వచ్చి కాపరి ఏడని అడిగితే తెలియదన్నాను. అంత పొట్టి అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.

కొన్నాళ్ళకి మందకి కొత్త కాపరి వచ్చాడు, సూడాన్ మనిషి. అరబ్బీలో ఎంత అరిచినా గొర్రెలు తల తిప్పేవి కావు. పాతవాడు ఏమని పిలిచేవాడని నన్ను సైగలతో అడిగాడు. "దా, దా" అని నేర్పాను. ఒక్కరోజులో పట్టేశాడు. సాయంత్రం దూరం నుంచి ఆ పిలుపు వినపడగానే చేతిలో పని వదిలేసి తొట్టి దాకా నడిచేవాణ్ణి. అక్కడ సూడాన్ మనిషి సలాం చెప్పేవాడు. నేనూ సలాం చెప్పి, నీళ్ళు తిప్పి, వెనక్కి వచ్చేసేవాణ్ణి.