ఆర్వో కెటిల్‌కి మసి అంటింది

ఆర్వోకి ఈ లోకంలో ప్రాణంతో సమానమైనది ఒక్కటే, రాగి కాఫీ కెటిల్. భార్య బతికున్న రోజుల్లో ఆవిడే ఈ మాట ఊరంతా చెప్పేది. "ఇల్లు తగలబడితే ముందు దాన్ని బయటికి తెస్తాడు. తర్వాత నేను గుర్తొస్తాను, గుర్తొస్తే" అనేది. ఆర్వో కాదనేవాడు కాదు. "నువ్వు నడవగలవు కదా, అది నడవలేదుగా" అనేవాడు.

దక్షిణ ఫిన్లాండులోని కోయివుపెర పల్లెలో ప్రతి వేటగాడికీ ఒక కెటిల్ ఉంటుంది. అడవిలో నెగడు మీద కాగీ కాగీ బొగ్గుకంటే నల్లగా తయారవుతుంది. ఎంత మసి పడితే కాఫీ అంత రుచి అని అక్కడివాళ్ళ నమ్మకం. కెటిల్ కడిగేవాణ్ణి కాస్త అనుమానంగానే చూస్తారు. కాఫీ దగ్గర మనుషులు ఎక్కడైనా ఇంతే. ఒక ఊళ్ళో ఇత్తడి గ్లాసు లేకపోతే గొంతు దిగదు, ఇంకో ఊళ్ళో మసి లేకపోతే దిగదు. ఆర్వో కెటిల్ మాత్రం తళతళలాడిపోతూ ఉంటుంది. దాన్ని నెగడు దరిదాపులకి పోనివ్వడు. దానికోసమే ప్రత్యేకంగా ఒక స్పిరిట్ స్టవ్ మోసుకొస్తాడు. ఆదివారం ఇంటిమెట్ల మీద కూర్చుని, మన ఇళ్ళలో రాగిచెంబుని చింతపండుతో తోమినట్టు, పుల్లటి అడవిపళ్ళు నలిపి తోముతాడు. తోమడం అయ్యాక అందులో చూసుకుంటూ మీసం కత్తిరించుకుంటాడు. కెటిల్ పొట్ట గుండ్రం కనక మీసం ఒకవైపు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది.

ఆ ఊరికి ఉత్తరాలు పంచేది హిల్కా. వేటజట్టులో ఆర్వో పక్క మంచె ఆవిడదే. ఆయన్ని ఆవిడ ఎరిగినంత ఇంకెవరూ ఎరగరు. కనీసం ఆవిడ అలా అనుకునేది.

ఒకసారి జట్టుపెద్ద కౌకో, కెటిల్ మెరుపుకి జింకలు బెదిరి పారిపోతున్నాయని గొడవపెట్టాడు. "దాన్ని ఇంట్లో పెట్టి రా. లేదా దానికి ముసుగెయ్యి" అన్నాడు. ఆర్వో ముసుగే వేశాడు. వేటలో ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోకుండా అందరూ పెట్టుకునే నారింజరంగు టోపీ తీసి కెటిల్‌కి తొడిగి, తను మఫ్లర్ చుట్టుకుని చలికి వణుకుతూ కూర్చున్నాడు. సాయంత్రం కౌకో అటుగా వస్తూ చెట్టుకింద ఉన్న కెటిల్‌కి తలూపి, "ఏమైనా కనపడ్డాయా?" అని అడిగి, జవాబు కోసం కాసేపు నిలబడ్డాడు కూడా. ఆ సంగతి హిల్కా ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంది.

ఇంకో సంగతి. ఎప్పుడో సముద్రం దాటి ఓడలో వచ్చిన కొద్ది తెల్లతోక జింకల సంతానం ఆ అడవుల నిండా ఉంది. ఎవరి మంచె ముందుకి రాకపోయినా ఆర్వో మంచె ముందుకి వస్తాయి. అయినా తుపాకి మోగదు.

"ఆర్వో, నీ వైపు ఒకటి వచ్చింది. చూశావా?" అని వాకీటాకీలో కౌకో.

"చూశాను."

"మరి కాల్చలేదేం?"

"నీళ్ళు మరుగుతున్నాయి."

"ఒరే ముసలోడా, జింక ముందా, కాఫీ ముందా?"

"జింక మళ్ళీ వస్తుంది. పొంగిన కాఫీ మళ్ళీ వస్తుందా?"

పక్క మంచెమీంచి బైనాక్యులర్‌లో చూస్తున్న హిల్కాకి మాత్రం అసలు సంగతి తెలుసు. వచ్చింది తల్లి. దాని వెనక పొదలో పిల్ల ఉంది. ముందు తల్లిని పడగొడితే ఆ పిల్ల మంచుకాలం దాటదు. ఇంకోసారి జింక వెనకాల తారురోడ్డు ఉంది, తూటా తప్పితే ఎవరికి తగులుతుందో తెలీదు. ఇంకోసారి జింక ఎదురుగా నిలబడింది. తూటా ఛాతీలో కాక పొట్టలో తగిలితే మాంసమూ పాడు, జింకకీ నరకం. ఆ మాట చెబితే ఎవరూ కాదనరు. కాని ఆర్వో నోట్లోంచి వచ్చే కారణం ఎప్పుడూ కెటిల్లోంచే వస్తుంది. ముక్కుసూటిగా మంచిమాట చెప్పాలంటే ఆ మనిషికి సిగ్గు.

ఇక పోగుల సంగతి. జింకని పాకలో వేలాడదీసి, చర్మం తీసి, కోసి, పొడవాటి బల్లమీద మనిషికో పోగు వేస్తారు. ఎంత సమానంగా వేసినా తొడ తొడే, మెడ మెడే. అందుకని అక్కడో ఆచారం ఉంది. ఒకరు బల్లకి వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడాలి. ఇంకొకరు ఒక్కో పోగూ వేలితో చూపిస్తూ "ఇది ఎవరికి?" అని అడగాలి. గోడవైపు ఉన్నవాడు చూడకుండా ఒక పేరు చెప్పాలి. ఎవరి పేరొస్తే వాళ్ళది. ఏడుపుల్లేవు, బేరాల్లేవు. వేలు పెట్టేది హిల్కా. పేర్లు చెప్పేది, ఏనాటినుంచో, ఆర్వో.

ఆయన గోడవైపు తిరిగేముందు కెటిల్‌ని మేకుకి తగిలిస్తాడు, సరిగ్గా ముక్కుకి ఎదురుగా. "కాఫీవాసన తగలకపోతే నాకు మీ పేర్లు గుర్తుకురావు" అంటాడు. ఇంత చేసీ ఆయన వాటాకి పడేది మెడ. తప్పితే ముంగాళ్ళు. ఊళ్ళో పిల్లలు కూడా "మెడ తాతా" అని పిలుస్తారు.

"అంత దరిద్రపు అదృష్టం పెట్టుకుని నువ్వే ఎందుకు నిలబడతావు? పక్కకి తప్పుకో, నేను చెబుతాను పేర్లు" అని కౌకో ఏటా ఎగతాళి చేసేవాడు.

"మెడని రోజంతా సన్నసెగమీద ఉడికిస్తే ఎలా ఉంటుందో నీకేం తెలుసు? నీకసలు పళ్ళే లేవు" అని ఆర్వో.

కౌకో పశువులకొట్టం కాలిపోయిన ఏడు మాత్రం, వీపుమాంసం మొత్తం కౌకోకే పడింది. "చూశావా, అదృష్టమంటే ఇదీ!" అని ఆయన నెలరోజులు మీసం దువ్వుకున్నాడు.

ఈ ఏడు అందరి మనసులోనూ ఉన్నది సైమి. జట్టులో అందరికంటే పాత వేటగాడు వెయిక్కో వసంతంలో పోయాడు. ఆయన భార్య సైమి. పోయినవాళ్ళ సమాధులమీద దీపాలు పెట్టే నవంబరు శనివారం, వెయిక్కో ఏటా ఒక జింకతొడ పొయ్యిలో పెట్టి రోజంతా మగ్గించి, ఊళ్ళో ఒంటరిగా ఉన్నవాళ్ళందర్నీ భోజనానికి పిలిచేవాడు. ఈసారి ఆయన పేరునే దీపం పెట్టాలి. ఆ భోజనం ఆగకూడదని సైమి పట్టుదల. భర్త మంచెమీద తనే కూర్చుంది.

హిల్కా వెళ్ళి, "తొడ ఎవరికి పడినా నీకే తెచ్చిస్తారు సైమీ, అందరం అనుకున్నాం" అంది.

సైమి కత్తిపీట లాంటి చూపు చూసింది. "ఎవరడిగారు మిమ్మల్ని? నా పేరున పోగులో వస్తే వండుతాను. రాకపోతే బంగాళాదుంపలు ఉడకేసి పెడతాను. జాలిపడి ఎవరైనా నా గుమ్మంలోకి మాంసం తెస్తే, అది కుక్కకి. తెచ్చినవాడికి చీపురు."

ఊరికే అనే మనిషి కాదు. చీపురు గుమ్మం పక్కనే ఉంది.

దీపాల శనివారం దగ్గరపడింది. జింకలు పత్తా లేవు. చివరికి ఆ వారంలో జట్టుకి దొరికింది ఒక్కటే. కాల్చినవాడు రౌనో, తుర్కూ పట్నంలో బస్సు నడిపి రిటైరై కొత్తగా ఊళ్ళోకొచ్చినవాడు. మంచివాడు, తొందర మనిషి. తూటా తగిలింది, జింక పొదల్లోకి దూకింది. రౌనో మంచె దిగి వెనకే పరుగుతీయబోయాడు.

"ఆగు! ముందు కాఫీ" అన్నాడు తుపాకి మోత విని వచ్చిన ఆర్వో.

"కాఫీయా? అది పోతుంది!"

"నువ్వు తరిమితే పోతుంది. తరమకపోతే కాస్త దూరంలో పడుకుంటుంది. నీ భయం దానికి అంటించకు. చక్కెర ఎంత?"

రౌనో పొదలవైపే చూస్తూ కాఫీ తాగాడు. ఆర్వో రెండో కప్పు కూడా పోశాడు. అప్పుడు కుక్కని తీసుకుని, నేలమీద నెత్తురుచుక్కలు చూసుకుంటూ ఆయనా హిల్కా వెళ్ళారు. జింక దగ్గర్లోనే, నాచుమీద, ప్రాణం పోయి పడి ఉంది. ఆర్వో టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత మాంసం వేడికి పాడవకుండా అక్కడికక్కడే పొట్ట చీల్చి శుభ్రం చేశారు.

ఈలోగా జట్టు చలికాచుకునే నెగడు దగ్గర మిగిలిన రౌనో గుండెనిండా కృతజ్ఞతతో ఉన్నాడు. ముసలాయనకి ఏదైనా చేయాలనిపించింది. కెటిల్ కనిపించింది. దాన్ని నీళ్ళతో నింపి, నెగడు నడిమధ్యన, జిగురుకారే కట్టెలమీద పెట్టాడు.

ఆర్వో తిరిగొచ్చేసరికి కెటిల్ కాటుకపెట్టెలా ఉంది.

"మీకోసం వేడివేడిగా..." అన్నాడు రౌనో నవ్వుతూ.

ఆర్వో కెటిల్‌ని మంటమీంచి దించాడు. అరిచి ఉంటే బాగుండేది. "మంచిపని చేశావయ్యా" అన్నాడు, వినపడీ వినపడకుండా.

పాకలో పోగులు పడ్డాయి. వేటకి తన భూమి ఇచ్చిన రైతుకి ఆచారం ప్రకారం ఒక తొడ పోగా, రెండో తొడ బల్లమీద ఎర్రగా మెరుస్తోంది. సైమి చేతులు కట్టుకుని ఓ మూల నిలబడింది. అటు చూడటంలేదన్నట్టు చూస్తోంది. ఆర్వో మాత్రం బయట కూర్చుని ఇసుకతో, నాచుతో, చివరికి తన మఫ్లర్‌తో కెటిల్ రుద్దుతున్నాడు.

"మాంసం పంచడానికి కెటిల్ తోమడమేమిట్రా? పెళ్ళివారొస్తున్నారా?" అని కౌకో. పాకంతా నవ్వు.

హిల్కా ఆయన్ని పిలవడానికి వెళ్ళి భుజం మీదుగా తొంగిచూసింది. ఆర్వో కెటిల్ అంతా రుద్దడంలేదు. ముందువైపు పొట్టమీద అరచేతి మేర మాత్రమే రుద్దుతున్నాడు. ఆ మేర కాస్త ఎర్రబడింది. అందులో హిల్కాకి తన ముక్కు కనిపించింది. ముక్కు వెనక తెరిచిన పాక తలుపు. తలుపులోంచి బల్ల. బల్లమీద బుల్లిబుల్లి పోగులు, ఒక్కొక్కటీ వరసగా.

ఇన్నేళ్ళ మెడమాంసం, కౌకో వీపుమాంసం, ముక్కుకి ఎదురుగా మేకు, అన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ళముందు తిరిగాయి.

"ఆర్వో..." అంది.

"మసి వదలడంలేదు హిల్కా" అన్నాడాయన, చిన్నపిల్లాడిలా. "మసకమసగ్గా ఉంది. లోపల దీపపు వెలుగులో ఏమీ కనపడి చావదు."

"ఏం కనపడాలి?" అని హిల్కా అడగలేదు. "లే. కానిద్దాం పద" అంది.

ఆర్వో మేకుకి కెటిల్ తగిలించి గోడవైపు తిరిగాడు. మెడ సాచి చూశాడు. లాభంలేదు. హిల్కా వేలు ఎత్తింది.

"ఇది ఎవరికి?" పక్కటెముకలు.

"కౌకోకి."

"ఇది?" భుజం.

"రౌనోకి."

ఒక్కో పేరూ బావిలోంచి చేద లాగినట్టు వస్తోంది. సైమి పేరు చెప్పడంలేదు, దాచుకుంటున్నాడు. హిల్కా కూడా తొడమీదికి వేలు పోనివ్వకుండా చుట్టూ తిరుగుతోంది. పోగులు తరిగిపోయాయి. చివరికి బల్లమీద రెండే మిగిలాయి, తొడ, మెడ. పేర్లూ రెండే, సైమి, ఆర్వో. ఆర్వో వీపు చూస్తే మొదటిసారి పరీక్ష రాసే పిల్లవాడి వీపులా ఉంది.

హిల్కా తొడమీద వేలు పెట్టింది. పెట్టి, దగ్గింది. దగ్గడం అంటే మామూలుగా కాదు, మూల పడుకున్న కుక్క లేచి నిలబడింది.

"ఇది... ఎవరికి?"

ఆర్వో ఎడమచెవి కదిలింది.

"సైమికి" అన్నాడు.

పాకలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. సైమి వచ్చి తొడని గుడ్డలో చుట్టుకుంది. "పోగులో వచ్చింది కాబట్టి తీసుకుంటున్నాను" అని అందరికీ వినపడేలా చెప్పి వెళ్ళిపోయింది. ఆర్వో మెడ ఎత్తుకున్నాడు. రౌనో పాపం, "మీకెప్పుడూ ఇదేనా పడుతుంది?" అని బాధపడ్డాడు. "అలవాటైపోయింది. నువ్వు కాఫీ పెట్టకుండా ఉంటే చాలు" అన్నాడు ఆర్వో.

దీపాల శనివారం సైమి ఇల్లు నిండిపోయింది. తొడ రోజంతా మగ్గి, గరిట తగిలితే విడిపోతోంది. వెయిక్కో కుర్చీలో ఎవరూ కూర్చోలేదు; దానిమీద ఆయన నారింజటోపీ పెట్టారు. కౌకో అలవాటుగా దానికి తలూపాడు.

ఆర్వో కెటిల్ తెచ్చాడు. ఇంకా నల్లగానే ఉంది. సిగ్గుపడుతూ గుమ్మం దగ్గరే దాచబోయాడు.

"ఇలా తే దాన్ని" అంది సైమి. పొయ్యిపక్కన కూర్చుని, పుల్లటి పళ్ళగుజ్జు గుడ్డకి రాసి రుద్దసాగింది. ఆర్వో, హిల్కా ఊపిరి బిగబట్టి చూశారు. అంతా రుద్దలేదు. ముందువైపు, పొట్టమీద, అరచేతి మేర తళతళలాడేదాకా రుద్ది, అందులో ఒకసారి తన వెనకనున్న గదంతా చూసుకుని, ఆయన చేతికిచ్చింది.

"మిగతాది మసిగానే ఉండనీ. కాఫీకి రుచి. వెయిక్కో కూడా అదే అనేవాడు."

సైమి ఆర్వో కంచంలో అన్నిటికంటే పెద్ద ముక్క వేసి, వేస్తూ వేస్తూ పక్కకి తిరిగింది.

"హిల్కా, నీ దగ్గు తగ్గిందా?"