పోలిక వస్తే సున్నా

మా డ్రాయింగు మాస్టారు భానుమూర్తి గారికి బొమ్మలో పోలిక వస్తే ఒళ్ళు మండేది.

లోకంలో ఏ డ్రాయింగు మాస్టారయినా పోలిక రాలేదని చెవి మెలిపెడతారు. ఈయన వచ్చిందని మెలిపెట్టేవారు. మనిషి మొహం గీసేటప్పుడు కాగితం చూడకూడదు, అదీ ఆయన పద్ధతి. కళ్ళు ఎదుటి మొహం మీదే ఉండాలి, చెయ్యి దాని దారిన అది పోవాలి. అలా గీస్తే ముక్కు చెవి పక్కన మొలుస్తుంది, ఒక కన్ను కాగితం దాటి బల్ల మీద పడుతుంది. పడితే పదికి పది. అచ్చుగుద్దినట్టు వచ్చిందా, దొంగచూపు చూశావన్నమాట. సున్నా.

1999లో నేను తొమ్మిదో తరగతి. వజ్రపుకొత్తూరు అవతల సముద్రం ఒడ్డు ఊళ్ళ పిల్లలమంతా ఒకటే హైస్కూలు. డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టారు లాక్కునే పీరియడు. మా దగ్గరా ఒకసారి లాక్కోడానికి వచ్చారాయన. భానుమూర్తి గారు ఆయన్ని కుర్చీలో కూలేసి, "కదలకండి, పిల్లలు మీ మొహం గీస్తారు" అన్నారు. నలభై బొమ్మలూ చూసుకున్నాక ఆ లెక్కల మాస్టారు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

ఇంటిపని ఇంకా విచిత్రం. ప్రతి సోమవారం ఇంట్లో పెద్దవాళ్ళ మొహం గీసుకురావాలి. అదీ నిద్ర లేవగానే, నీళ్ళు తగలకముందు.

"సార్, మొహం కడుక్కుంటే ఏటవుద్ది?" అన్నాను.

"పోలిక వస్తుందిరా వెధవా."

"మీసం గియ్యాలా సార్?"

"మీసం ఎవడిక్కావాలి? కంటి కింద ఎలా ఉందో అది గియ్యి."

ఆయన భార్య వసుంధరమ్మ గారు మా ముందే వాపోయేవారు. "పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. తల దువ్వుకుని బొట్టు పెట్టుకుంటే ఈయన నా వైపు చూడరు. పక్క మీంచి లేస్తే చాలు, పెన్సిలు పట్టుకుని తయారు!"

నా బొమ్మలకి మా అయ్య కన్నయ్యే గతి. తెల్లారకట్ల తెప్ప ఎక్కాల్సిన మనిషిని గడప మీద కూర్చోబెట్టేవాణ్ణి. ఒడ్డు మీంచి జట్టువాళ్ళు కేకలు.

"కన్నయ్యా! పెళ్ళిసూపులు అయిపోనాయేటి?"

"ఒరే ఢిల్లీబాబూ, తొరగా గియ్యరా. ఆల్లు ఒగ్గీసి ఎలిపోతారు."

"కదలకయ్యా, సెవి జారిపోతంది!"

మా అమ్మ ధనమ్మ అయ్య మొహంలోకి తొంగి చూసి, "ఉబ్బినట్టుంది మావా. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. టెక్కలెల్లి రగతం సూపించుకోరాదా?" అనేది.

"నోర్ముయ్యే. రగతం తీయించుకున్నోడు మనూర్లో ఒక్కడు మిగిలినాడా?"

ఇదీ మా ఊరి శాస్త్రం. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు నలభై దాటని మగాళ్ళని పట్టుకుపోతోంది. పోయినవాళ్ళందరికీ పోయేముందు రక్తం తీశారు. కాబట్టి సూది వల్లే పోతున్నారని మావాళ్ళు తేల్చుకున్నారు. కాదని చెప్పడానికి ఎవరొచ్చారు గనక? మా ఊరికి ఓట్లకోసం జీపులొచ్చేవి, అంతే. నొప్పులు పుడితే కిళ్ళీకొట్లో బిళ్ళలు కొనుక్కుని మింగేవాళ్ళు. మా అయ్య బిళ్ళలు మింగినన్ని చేపలు తినలేదు.

ఐదో సోమవారం మాస్టారు నా బొమ్మలు ఐదూ బల్ల మీద వరసగా పరిచారు.

"ఇదెవరు?"

"మా అయ్య సార్."

"ఇది?"

"మా అయ్యే సార్."

"ఈ పీత?"

"అదీ మా అయ్యే సార్. ఆ రోజు తుమ్మినాడు."

ఐదు బొమ్మల్లో ఐదుగురు మనుషులు. కంటి కింది సంచి మాత్రం అన్నిట్లోనూ ఉంది, వారం వారం పెరిగింది. ఐదింటికీ పదేసి మార్కులేశారు. మాస్టారు నవ్వకుండా పది వేయడం అదే మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రమే సైకిలేసుకుని మా వాకిట్లో దిగారు.

"కన్నయ్యా, టెక్కల్లో బొమ్మల పని ఉంది. నీ మొహం ఎంపికైంది."

"ఈ మొహమా!" అంది అమ్మ.

"ఏటే, ఈ మొహానికేటయింది?" అన్నాడు అయ్య. మర్నాడు పెళ్ళినాటి చొక్కా తొడిగాడు. మొహం కడుక్కోవద్దని మాస్టారి ఆజ్ఞ. పాసిమొహం, పట్టుచొక్కాతో బస్సెక్కి, పలాసలో దిగి ఇంకో బస్సెక్కాడు. గీసినవాణ్ణి గనక నేనూ వెంట ఉన్నాను.

టెక్కల్లో మాస్టారు తిన్నగా ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలోకి తీసుకెళ్ళారు.

"మాస్టారూ, ఇక్కడ బొమ్మలేవీ?"

"గోడ మీద చూడు."

గోడ మీద కిడ్నీ బొమ్మ ఉంది. అయ్య గుమ్మంవైపు తిరిగాడు. మాస్టారు ఆపలేదు. బల్ల ముందు కూర్చుని, తన చొక్కా చెయ్యి పైకి మడిచి, "ముందు నాది తియ్యి బాబూ" అన్నారు.

రక్తం తీసే కుర్రాడు తల పట్టుకున్నాడు. "మళ్ళీనా మాస్టారూ? రెండు నెలల్లో ఇది ఐదోసారి! మీకేం లేదని ఎన్నిసార్లు చెప్పాలి? ఎవర్ని తెస్తే వాళ్ళతో పాటు మీరూ పొడిపించుకుంటారు. పోనీ తెచ్చినవాళ్ళకి జబ్బుందా అంటే, ముగ్గురిది కల్లు ఉబ్బు, ఒకాయనది పెళ్ళాంతో గొడవ!"

గుమ్మంలో అయ్య ఆగాడు. వెనక్కొచ్చి మాస్టారి మోచేతి మడత చూశాడు. చీమలు కుట్టినట్టు సూది మచ్చలు.

"ఇన్నిమాట్లు తీసినారు. బతికే ఉన్నారేటి?"

"నా మొహం చూసి నువ్వే చెప్పు."

అయ్య చాలాసేపు చూశాడు. తర్వాత పెళ్ళిచొక్కా చెయ్యి మడిచాడు.

జబ్బు ఉంది. మొదట్లోనే దొరికింది. డాక్టరు నొప్పుల బిళ్ళలు మాన్పించి, ఉప్పు తగ్గించి, బీపీకి మందిచ్చాడు. తిరుగు బస్సులో మాస్టారు నా చెవి మెలిపెట్టి అన్నారు: "కాగితం చూస్తే బాగా గియ్యాలనిపిస్తుందిరా. బాగా గీసేవాడు అయ్య మొహంలో ఉబ్బు సర్దేస్తాడు."

2007లో ఆయన రిటైరయ్యేదాకా మా ఊళ్ళు వంకర మొహాలతోనే తెల్లారాయి. రిటైరైన మర్నాడు పొద్దున్నే మా అయ్య కాశీబుగ్గలో మాస్టారి తలుపు కొట్టాడు. ఎనిమిదేళ్ళుగా మందు తప్పని మనిషి, ఇంకా తెప్ప ఎక్కుతూనే ఉన్నాడు. చేతిలో నా పాత డ్రాయింగు పుస్తకం.

"మొహం కడక్కండి మాస్టారూ. కూకోండి."

పుట్టి పెన్సిలు పట్టని చెయ్యి. కళ్ళు మాస్టారి మీంచి ఒక్క క్షణం కదల్లేదు. బొమ్మ అయ్యేసరికి కాగితం మీద ఉల్లిపాయకీ పీతకీ మధ్యరకం జీవి ఒకటి తయారైంది. మాస్టారు మురిసిపోయి ఎర్ర పెన్సిలుతో పదికి పది వేశారు.

కాఫీ తెచ్చిన వసుంధరమ్మ గారు తొంగి చూసి, "అయ్యో, అచ్చం మీరేనండీ!" అన్నారు.

మాస్టారు పది కొట్టేసి సున్నా వేశారు.