తిరుగు గంట

అమోసు గనిలో ఉన్నన్నాళ్లూ వైండింగ్ ఇంజన్ డ్రైవరు. తాడుతో మనుషుల్ని లోపలికి దింపే ఇనప బోను, అదే కేజీ, ఆయనకు కనబడదు. కిందినుంచి గంట మోగాలి, అదే గంటను ఈయన తిరిగి మోగించాలి, అప్పుడే తాడు కదలాలి. తిరుగు గంట లేకుండా కదిపితే ప్రాణాలు పోతాయి. గనులు మూసేశాక ఆయన బతుకు బెంగళూరు రైలు పాలైంది. తెల్లారకముందే పోయి ఎవరివో అపార్టుమెంట్లకు కాపలా కాసి, చీకటి పడ్డాక గనుల పక్కన కోరమండల్ కాలనీలోని ఇంటికి ఈడ్చుకుంటూ చేరేవాడు. ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ రోజు చర్చిలో కీబోర్డు ముందు కూర్చుంటేనే తానూ మనిషినని గుర్తొచ్చేది.

ఆ కీబోర్డుకూ వయసు మీదపడింది. లోపలి ఆర్గన్ గొంతు ఇంకా కమ్మగానే ఉంది కానీ మెట్లు సగం చచ్చిపోయాయి. పాట మధ్యలో చప్పుడు మాయమైతే కొయిర్‌లో పాడే పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు. ఈ ఆదివారం కూడా ఇట్లాగే అయితే పెన్‌డ్రైవ్‌లో పాటలు పెట్టేసుకుంటామని చర్చి పెద్ద రాయ్ గారు మెత్తగా చెప్పారు. మెత్తగా చెబితే మాత్రం, కోత కోత కాకుండా పోతుందా?

కోడలు ప్రిన్సీ తన చిన్న కీబోర్డు తెచ్చి ఇచ్చింది. రెంటినీ మిడి అనే వైరుతో కలిపితే కొత్తదాని మెట్లు నొక్కినా పాతదాని గొంతే పలుకుతుందని, రాబర్ట్‌సన్‌పేటలో ఆంప్లిఫయర్లు బాగుచేసే కేశవ చెప్పాడు. శనివారం సెలవు పెట్టి, చర్చి కీబోర్డును ఇంటికి తెచ్చుకుని అమోసు వైర్లు బిగించాడు. ఒకటి కాదు, రెండు. కొత్తదాని అవుట్ నుంచి పాతదాని ఇన్‌కు ఒకటి, పాతదాని అవుట్ నుంచి కొత్తదాని ఇన్‌కు ఇంకొకటి. చెప్పిన మాట చేరిందని అవతలివాడు జవాబివ్వొద్దూ? పుట్టుకతో వచ్చింది పుడకలతోగానీ పోదంటారు. ఈయనకు ఇంజన్ గదిలో అబ్బింది అంతకన్నా మొండిది.

మెట్టు నొక్కాడో లేదో, ఆర్గన్ గుయ్యిమని పట్టుకుంది. వేలు తీసినా ఆగదు. స్విచ్ ఆపితేగానీ నోరు మూయలేదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ అదే ఏడుపు. భార్య ఆగ్నెస్ వంటింట్లోంచి వచ్చి చూసి, చెవులు మూసుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

కేశవకు ఫోన్ చేశాడు. అతను విసుక్కోకుండా విడమరిచాడు. ఆ వైరులో పాట పోదట, కబురు మాత్రమే పోతుందట. ఫలానా మెట్టు నొక్కారు, ఇంత గట్టిగా నొక్కారు, ఇప్పుడు విడిచారు, అంతే. రెండో వైరు పెడితే పాతది తనకొచ్చిన కబురునే వెనక్కి పంపుతుంది, కొత్తది దాన్ని మళ్లీ అటు తోస్తుంది. నొక్కారు నొక్కారని ఒకదానిమీద ఒకటి అరుచుకుంటుంటే, విడిచిన సంగతి ఎవరికి పడుతుంది?

"ఆ రెండో వైరు పీకేయప్పా. నువ్వు చెప్పు, అది వింటాది. జవాబు చెప్పే పని దానికి లేదు."

"విన్నాదని నాకెట్ల తెలిసేది?"

"తెలీదు. వినిందని నమ్ముకొని వాయించల్ల."

పీకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిచ్చి ముసలాయన! కింద మనుషుల్లేరు, కేజీ లేదు, గనంతా నీళ్లు. అయినా వైరు దగ్గరికి చెయ్యి పోలేదు. కళ్లు మూసుకుని పీకాడు. మెట్టు నొక్కితే పలికింది, వేలు తీస్తే ఆగింది.

చర్చిలో ఆయన చోటు కొయిర్ వెనకాల, స్తంభం చాటున; ముందు కూర్చున్నవాళ్లకు కనబడడు. ఆ ఆదివారం పాటలన్నీ ఎక్కడా తెగకుండా నడిచాయి. ఆరాధన అయ్యాక రాయ్ గారు ఆగ్నెస్ దగ్గరికి వచ్చి, "చూస్తివామ్మా, పిల్లోళ్లు పెన్‌డ్రైవ్ పెడితే ఎంత బాగుండాదో. అమోసును ఇంగ రెస్టు తీసుకోమను" అన్నారు.

వెనకే నిలబడ్డ అమోసు విన్నాడు. ఇంకెప్పుడైనా అయితే మింగేసేవాడే. మింగడం ఆయనకు కొత్తా?

"పెన్‌డ్రైవ్ కాదయ్యా. వాయించినది నేనే."

రాయ్ గారు నమ్మక, స్తంభం వెనక్కి పోయి కీబోర్డులు చూసి వచ్చారు. వచ్చే ఆదివారం కాస్త ముందే రమ్మని భుజం తట్టి వెళ్లారు. అమోసు సరేనన్నాడు. మిషన్ అనుకునేంత బాగా వాయించినందుకు నవ్వాలో ఏడవాలో తెలియక, బెంచీ మీద కూలబడి ఏడ్చాడు.