గుమ్మం ముందు పద్నాలుగు జతలు

ఆ రోజుల్లో దొంగలంటే మాకున్న భయానికీ, మా ఇంట్లో ఉన్న సామానుకీ ఏమాత్రం పొంతన లేదు. చాండ్లర్‌లో అపార్ట్‌మెంట్ వదిలి సొంత ఇంట్లోకి మారి ఆర్నెల్లు కాలేదు. హాల్లో ఒక సోఫా, ఒక టీవీ, ఆ టీవీకి స్టాండుగా అది వచ్చిన అట్టపెట్టె. దొంగ వస్తే జాలిపడి తనే ఏదో ఒకటి పెట్టి వెళ్ళాల్సిన ఇల్లు. కాకపోతే ఆ ఇంట్లో మా అమ్మమ్మ కాసులపేరు ఉంది. ఆవిడ చివరి రోజుల్లో తన మెడలోంచి తీసి నా మెడలో వేసి, "ఇది ఎప్పుడూ నీ దగ్గరే ఉండాలె బిడ్డా" అంది. నేను ఆ మాటని అక్షరాలా పట్టుకుని, చున్నీ కింద దాచుకుని విమానంలో అమెరికా దాకా తెచ్చేశాను. బ్యాంకులో లాకర్ అడిగితే ఖాళీ లేదన్నారు. (ఉన్నా పెట్టేదాన్ని కాదేమో, నా దగ్గరే ఉండాలంది కదా.) సరిగ్గా అప్పుడే మా వాట్సాప్ గ్రూపులో ఒక వార్త మొదలైంది: మన వాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలందరికీ తెలిసిపోయిందట. ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

అలారం పెట్టే కంపెనీ అబ్బాయి ఒకడు వచ్చి, నెలనెలా ఎంత కట్టాలో నవ్వుతూ చెప్పాడు. మా ఆయన అతన్ని మర్యాదగా సాగనంపి తలుపేసి, "నెలనెలా కట్టుడేంది? దొంగ నెలనెలా వస్తడా?" అన్నాడు. అప్పట్లో నాకు వర్క్ పర్మిట్ రాలేదు కాబట్టి ఉద్యోగం లేదు, ఉన్నదల్లా బోలెడంత టైమూ, ఇంటర్నెట్టూ. చవకలో ఇల్లు కాపాడుకోవడం ఎలా అని ఆ రెండూ పెట్టి పరిశోధన చేశాను. పాత చీపురుకర్రని కొలిచి కోసి, వెనక అద్దాల తలుపు జరగకుండా దాని పట్టాలో అడ్డం పెట్టాను. లేని కుక్కకి నీళ్ళగిన్నె పెట్టాను. మేం బయటికి వెళ్ళినప్పుడు దానంతటదే ఆన్ అయ్యేలా టీవీకి టైమర్ పెట్టి తెలుగు సీరియల్స్ ఛానల్ తగిలించాను. అత్తాకోడళ్ళు అరుచుకుంటున్న ఇంట్లోకి బుద్ధున్న దొంగ ఎవడూ అడుగు పెట్టడని నా ధీమా.

ఇంతలో ఎక్కడో చదివాను, గుమ్మం బయట మగవాళ్ళ పెద్ద బూట్లు ఒక జత పెడితే దొంగలు జంకుతారని. ఒక్క జతకే జంకితే పది జతలకి? మనకి చెప్పుల సంగతి ఒకరు నేర్పాలా! ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో గుమ్మం చూసి చెప్పగల జాతి మనది. మా ఆయన స్నేహితుల దగ్గర పాత బూట్లు అడుక్కొచ్చాను. పాతబట్టల షాపులో ఆడవాళ్ళ చెప్పులు, చిన్నపిల్లల శాండిల్స్ కొన్నాను. మొత్తం పద్నాలుగు జతలు. వాటిని వరసగా పేర్చలేదు, అక్కడే ఉంది నా కళ. ఒకటి బోర్లా, ఒకటి జత విడిపోయి, పిల్లలవి పెద్దవాటి మీదికెక్కి, అచ్చం సత్యనారాయణ వ్రతంలో హారతి వేళ ఎలా ఉంటాయో అలా చిందరవందరగా వేశాను. ఇంత చేశాక, కాసులపేరుని కందిపప్పు డబ్బాలో అడుగున పాతి, లాంగ్ వీకెండ్‌కి గ్రాండ్ కాన్యన్ బయల్దేరాం. "ఊరికి పోతున్నమని ఎవ్వరికీ చెప్పకు" అన్నాడు మా ఆయన. చెప్పకపోవడానికి ఖర్చేం లేదు కాబట్టి అదీ పాటించాను. ఎదురింటి అక్కకి కూడా చెప్పలేదు.

ఆ అక్క గురించి చెప్పాలి. గుంటూరావిడ. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. చాండ్లర్‌లో నాకు కరివేపాకు మొక్క ఇచ్చిందీ, డ్రైవింగ్ నేర్పిందీ, జ్వరమొస్తే చారన్నం తెచ్చిందీ ఆవిడే. ఆవిడ నన్ను పిలిచే పిలుపు ఒక్కటే, "ఒసేయ్". ఆ పిలుపు కోసం నేను రోజూ ఏదో వంకతో రోడ్డు దాటేదాన్ని.

సోమవారం సాయంత్రం తిరిగొచ్చాం. చెప్పులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎండకి రెండు జతలు అప్పడాల్లా లేచాయి తప్ప. కాసులపేరు పప్పు డబ్బాలో ఉంటుందన్న నమ్మకంతో, కాన్యన్‌లో కొన్న ఫ్రిజ్ మాగ్నెట్ పట్టుకుని ముందు అక్క దగ్గరికి పరిగెత్తాను. అక్క తలుపు సగమే తీసింది. "ఏమ్మా, బాగున్నారా?" అంది.

అమ్మా! బాగున్నారా! నా "ఒసేయ్" ఏమైంది? ఆవిడ లోపలికెళ్ళి, పోయినవారం నేను గుత్తివంకాయ కూర పంపిన స్టీలు గిన్నె తెచ్చి చేతికిచ్చింది. ఖాళీ గిన్నె! కడిగి, తుడిచి, ఖాళీగా. అప్పటిదాకా ఎప్పుడూ ఆ ఇంటి నుంచి నా గిన్నె ఒట్టిగా రాలేదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇచ్చేది.

"అక్కా, నేనేం చేశాను?" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

"నువ్వేం చేశావమ్మా, పిలవాల్సినోళ్ళని పిలుచుకున్నావ్. మీ అత్తగారొచ్చారా? శనివారం మధ్యాహ్నం వచ్చి బెల్ కొట్టాను. గుమ్మం నిండా చెప్పులు, లోపల ఒకటే నవ్వులు, ఎవరో పెద్దావిడ ఏడుపు కూడాను. తలుపు తియ్యలా. పోనీలే, బొట్టుకి కూడా పనికిరాను కాబోలనుకుని వచ్చేశా."

నేను నోరు తెరిచేలోపే అక్క బల్ల మీంచి ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసింది. "ఇదిగో, మీ కేటరింగాయన వదిలేసిపోయాడు, ఇచ్చెయ్."

"కేటరింగ్ ఏంటక్కా?"

"అదేనమ్మా, నల్ల సంచీ ఏసుకుని మీ పక్కగోడ కిటికీ దగ్గర తచ్చాడుతున్నాడు. స్టవ్వు బయట పెడతాడు కామోసనుకుని, వెళ్ళి అడిగా. హౌ మెనీ పీపుల్, వెజ్జా, నాన్‌వెజ్జా అని. రాంగ్ హౌస్ అన్నాడు. రాంగ్ హౌసేంటయ్యా, అన్ని చెప్పులు కనపడట్లా, ఏం ఫంక్షనో చెప్పు అని వెంటపడితే, ఇది పడేసి ఒకటే పరుగు. నాకు చెప్పొద్దని మీరే చెప్పుంటారు అనుకున్నా."

గిన్నె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను, వెనకాలే అక్క. పక్క కిటికీ జాలీ ఒక మూల చీరుకుపోయి వేలాడుతోంది. వంటింట్లో కందిపప్పు డబ్బాని నేల మీద కుమ్మరించేశాను. పప్పు సోఫా దాకా దొర్లింది, అందులో కాసులపేరు తళుక్కుమంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని కింద కూలబడి, చీపురుకర్ర, లేని కుక్క, సీరియల్, పద్నాలుగు జతలు, అన్నీ అక్కకి చెప్పేశాను. అక్క తన చేతిలో ఇంకా ఉన్న స్క్రూడ్రైవర్ వైపు చూసుకుంది.

"అంటే, నేను దొంగని మెనూ అడిగానా?" అంది.

ఇద్దరం ఆ పప్పులో కూర్చుని కడుపు నొప్పొచ్చేదాకా నవ్వాం. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ అక్క, "ఒసేయ్, దొంగకి తెలియకూడదని నాక్కూడా చెప్పలేదా?" అంది. అది నవ్వుతూ అన్నమాట కాదు. ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న గుర్తొస్తే సిగ్గేస్తుంది. పోలీసులు వచ్చి, రాసుకుని, స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్ళారు. మరుసటి శనివారం నిజంగానే సత్యనారాయణ వ్రతం చేశాం. మొదటి బొట్టు అక్కకే పెట్టాను. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆ రోజే అక్క కొంగున కట్టాను.

ఇప్పుడు మాకు ఇంటికి నాలుగు వైపులా కెమెరాలున్నాయి, నెలనెలా కడుతున్నాం (ఆ సంగతి ఎత్తితే మా ఆయన టాపిక్ మారుస్తాడు). ఎవరొచ్చినా ఫోన్ మోగుతుంది. మోగేది ఎక్కువగా పార్సిళ్ళ కోసమే. అక్క వాళ్ళు దేశం అటు చివర హెర్న్‌డన్‌కి వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది. వెళ్ళే రోజు తన పాత చెప్పుల జత మా గుమ్మం ముందు వదిలేసి, "నీ సెక్యూరిటీకి" అని నవ్వింది. ఎండకి రంగు పోయినా నేను వాటిని తియ్యలేదు. మొన్నొక మధ్యాహ్నం ఆఫీసులో ఏమీ తోచక, డోర్‌బెల్ కెమెరాలో మా గుమ్మం ముందు ఆ చెప్పుల జత కనిపిస్తే ఫోటో తీసి అక్కకి పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది: "ఒసేయ్, ఎవరొచ్చారే మీ ఇంటికి, నాకు చెప్పకుండా?"

"నువ్వే అక్కా," అని రాశాను.