నందివర్ధనం ముందు కూర్చున్నప్పుడు

నాయన పోయిన ఏడాదికి అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. అప్పుడు నేను తిరుచానూరు రోడ్డులో ఒక అద్దె మేడమీద ఉంటూ బళ్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయనకు నాయుడుపేటలో ఫ్యాక్టరీ ఉద్యోగం, ఆదివారాలే వచ్చేవాడు. తొంభైల చివరి రోజులవి.

ఆ మధ్యనే నాకు బీపీ ఉందని తేలింది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "రోజూ కాసేపు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోండి" అంది. ఊరికే కూర్చోవడం నా చేత కాలేదు. పాఠాల బొమ్మల కోసం కొన్న రంగుల పెట్టె ఇంట్లో ఉండేది. పొద్దున్నే కింది పెరట్లోంచి ఒక నందివర్ధనం కోసుకొచ్చి, గ్లాసులో పెట్టి, చూసి వేయడం మొదలుపెట్టాను.

తెల్లకాగితం మీద తెల్లపువ్వు. పువ్వుకు వేయడానికి రంగేమీ ఉండదు, దాని నీడలకే వేయాలి. రేకు అంచున ఉండీ లేనట్టుండే ఆ బూడిదరంగు కోసం చూస్తూ కూర్చుంటే రోడ్డు మీది బస్సుల హారన్లు కూడా వినబడేవి కావు. పది నిమిషాలయిందనుకుని లేస్తే గంట దాటి ఉండేది.

ఒకరోజు అమ్మ కాఫీ గ్లాసుతో గదిలోకి వచ్చింది. నేను కిటికీ పక్క కుర్చీలో ఉన్నాను. గదంతా చూసింది, నా వైపూ చూసింది. "యాడికి పోయిందబ్బా ఈ పిల్ల" అనుకుంటూ వెళ్లిపోయింది.

"ఈడనే ఉండా కదమ్మా!" అని నవ్వుతూ కేకేశాను.

వెనక్కి వచ్చి తెల్లబోయింది. "ఇప్పుడే గదా సూసినా. కుర్సీ ఖాళీగా ఉండె."

ఆ వారంలోనే మరోసారి అలాగే జరిగింది. కళ్లకు పొర వచ్చిందేమోనని ఆస్పత్రికి తీసుకెళ్లాను. చూపు బాగుందన్నారు. నిజమే, సూదిలోకి దారం తనే ఎక్కించుకునేది.

మూడోసారి కాఫీ లేకుండా వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, గోడవార ఉన్న ఇనుప మంచం మీద ఒక చివర కూర్చుని, పక్కన చోటు వదిలింది.

"వచ్చినావా. కూర్సో. మన పాప బడికి పోయింది."

కాసేపు ఏదో వింటున్నట్టు తల వంచుకుంది. "ఊఁ. బాగానే సూసుకుంటాది నన్ను." మళ్లీ చెవి ఒగ్గి వింది. "మోకాలు ఇంగా నొస్తా ఉండాదా?"

పూలతోటలో గొంతుక్కూర్చుని కలుపు తీసి తీసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి మా నాయన. మంచం వైపు చూశాను. అమ్మ పక్కన దుప్పటి మీద చిన్న ముడత కూడా లేదు. కాసేపటికి ఆమె లేచి తలుపు తీసుకుని వెళ్లింది. నా చేతిలో కుంచె ఎండిపోయి ఉంది.

అమ్మతో ఆ మాట ఎత్తలేదు. భయం ఒక్కటే కాదు, నాయన కబురు ఏదైనా తెలుస్తుందన్న ఆశ కూడా. ఆ తర్వాత రోజూ కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. కొన్నిరోజులు అమ్మ వచ్చేది, కొన్నిరోజులు వచ్చేది కాదు.

ఒక పొద్దున మాట మధ్యలో ఆగిపోయి, మెల్లగా నా కుర్చీ వైపు తిరిగింది. చూపు నా మీద లేదు, నా భుజానికి కొంచెం పక్కగా ఉంది.

"పాపా, ఆడ ఉండావా?"

కళ్లు మళ్లీ పువ్వు మీదికి తిప్పుకున్నాను.

"మీ నాయన సెప్తా ఉండాడు. నువ్వు రోజూ ఆడనే కూర్సోని ఉంటావంట. పువ్వును సూస్తా సూస్తా ఊపిరి తీసుకునేది మర్సిపోతావంట. ఆయనకు భయంగా ఉండాదంట."

పలకడానికి నోరు తెరిచాను. అప్పుడు నా గొంతులోకి గాలి పెద్ద శబ్దంతో వచ్చింది, నీళ్లలోంచి పైకి లేచినప్పుడు వచ్చేలాగా. ఎంతసేపటి నుంచి ఊపిరి తీసుకోలేదో నాకు తెలియదు. అమ్మ ఉలిక్కిపడి నన్ను చూసింది. పరుగున వచ్చి నా తల పట్టుకుని ఏడ్చేసింది.

మర్నాడు కుర్చీని వరండాలోకి మార్చాను. అమ్మ పక్కనే కూర్చుని కనకాంబరాలు కడుతూ ఏదో ఒకటి మాట్లాడేది, నా చేత పలికించేది. బొమ్మలు అంత బాగా కుదిరేవి కావు.

అమ్మ ఇంకో నాలుగేళ్లు బతికింది. ఒక్కసారి మాత్రం ధైర్యం చేసి అడిగాను. "నాయన మళ్లీ వచ్చినాడా అమ్మా?"

"నువ్వు ఇంట్లో లేనప్పుడు వస్తాడు" అంది దారం తెంపుతూ. "నీ గురించి ఇంగేమీ సెప్పలేదులే."

గుండె కుదుటపడింది. కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.