పచ్చచుక్కల సన్మానం

ఆ రోజుల్లో మా ఊళ్లో ఆకాశాన్ని వాన పడుతుందా లేదా అని చూసుకోవడానికే తప్ప ఇంకొకందుకు తలెత్తి చూసేవాళ్లు లేరు. అట్లాంటి రూపనగుడిలో పుట్టిన నన్ను గెలాక్సీల వెంట తిప్పింది బళ్లారిలో మా కాలేజీ ఫిజిక్స్ సారు. పిల్లకాయలు ఆయనకు చుక్కల సారని పేరు పెట్టినారు (ఆయన చొక్కాలు కూడా చుక్కలవే, పేరు దేనివల్ల వచ్చిందో మాకెవరికీ తెలీదు). పెద్ద టెలిస్కోపులు ఆకాశమంతా ఫొటోలు తీసి పెట్టినాయనీ, అన్నిటినీ చూడ్డానికి శాస్త్రవేత్తలు చాలక మామూలు జనాన్ని సాయం అడుగుతున్నారనీ చెప్పి, ఆదివారం పొద్దున కంప్యూటర్ గది తెరిపించేవాడు. "గెలాక్సీలు నీలంగానో ఎర్రగానో ఉంటాయప్పా. యాడన్నా గుండ్రంగా, పచ్చగా చిన్నది కనపడితే వదలద్దు. అది అపురూపం" అనేవాడు.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. రైలింజను డ్రైవరు ఉద్యోగానికి రాతపరీక్ష పాసై, డాక్టర్ల పరీక్ష కోసం ఎదురుచూస్తున్నాను. ఇనుపరాయి మైన్స్ నిలిచిపోయినప్పటి నుంచి మా నాయనకు లోడింగ్ పని లేదు, ఎమ్మిగనూరు పక్క వరిమళ్లల్లో కూలికి పోయేవాడు. కొడుకు ఇంజనెక్కుతాడని ఆయన బస్సులో కండక్టరుకు కూడా చెప్పేసినాడు. నేను మాత్రం పొద్దుపోక, అదే సారు దగ్గర పై చదువు చదువుతున్న మా పెదనాయన కూతురు అక్కతో కలిసి ఆదివారాలు ఫొటోల ముందు కూర్చునేవాణ్ణి. మిగతా వాళ్లకు ఒక్క పచ్చచుక్క దొరకడమే గగనం. నాకేమో తెర నిండా అవే. ఏరి ఏరి పంపినాను. సారు ఆనందం పట్టలేక నాకు శాలువా కప్పి, నెత్తిన మైసూరు పేటా తలపాగా పెట్టి, అందరికీ పేడాలు పంచినాడు. ఆ ఫొటో మా నాయన జేబులో చేరి, చెమటకు నాని, నా ముక్కు చెరిగిపోయేదాకా ఊరంతా తిరిగింది.

కొన్నాళ్లకు అవతలి శాస్త్రవేత్తల నుంచి జవాబొచ్చింది. నేను పంపినవి దాదాపు అన్నీ మామూలు ఎర్రవేనంట, కంప్యూటర్ తెరలో రంగులు సరిగా ఉన్నాయో లేదో చూసుకోమని మర్యాదగా రాసినారు. సారు తెర మార్పించినాడు. మళ్లీ అదే జవాబొస్తే అమ్మిన అంగడాయనతో కన్నడంలో కొంతసేపు, తెలుగులో కొంతసేపు పోట్లాడినాడు. తెర మీద అనుమానం పడినారే గాని చూసేవాడి మీద ఎవరికీ పడలేదు. మా అక్కకు తప్ప.

ఆ సాయంత్రం బస్సు దిగి వస్తాంటే కళ్లంలో మిరప్పండ్లు ఎండబోసి ఉన్నాయి. అక్క ఆగి, వాటిలో పచ్చివి కొన్ని ఏరమనింది. తడిమి కాదు, కంటితో చూసి ఏరాలంట. ఇదేం పరీక్ష అని నవ్వుకుంటా గుప్పెడు ఏరి ఇచ్చినాను. ఆమె ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఇవన్నీ పండినవే తమ్ముడూ. రైల్వే డాక్టరు ఏం చూపిస్తాడో నీకు తెలుసా?"

"ఏం చూపిస్తాడు?"

"రంగులు" అనింది.

నా కంటికి ఎరుపూ పచ్చా ఒకటేనని అంతవరకూ తెలీకుండా ఎట్లా ఉండిందంటే, నన్నెవరూ అడగలేదు. పండో కాయో ఒత్తి చూసేవాణ్ణి. సిగ్నల్‌లో పైదీపం, కిందిదీపం గుర్తుపెట్టుకునేవాణ్ణి. లోకమంతా అట్లే చేస్తాదనుకున్నాను.

రంగుచుక్కల మధ్య అంకెలు దాచిన బొమ్మలను అక్క ఫోన్‌లో చూపిస్తే, వరస తప్పకుండా బట్టీ పట్టినాను. హుబ్బళ్లిలో రైల్వే డాక్టరు ఆ బొమ్మల పుస్తకాన్ని వెనకనుంచి తెరిచినాడు. నేను మాత్రం బట్టీ పట్టిన వరసనే ముందునుంచి చదివినాను. ఆయన నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసి, తరవాతి వాణ్ణి పిలిచినాడు.

బయట గోడ నీడలో నాయన పెరుగన్నం మూట ముందర పెట్టుకుని కూర్చోని ఉన్నాడు. విషయం చెప్పినాను. మూట ముడి విప్పుతా, "కండ్లు కనపడతాండాయి కదప్పా?" అన్నాడు. కనపడతాండాయన్నాను. "అయితే అన్నం తిను."

మర్నాడు ఆయన ఎప్పటిలాగే కూలికి పోయినాడు. బస్సులో ఎవరన్నా అడిగితే ఏం చెప్పినాడో నాకు తెలీదు. ఈ రంగుల లోపం తల్లి వైపు నుంచి వస్తుందని చుక్కల సారు మంచిమనసుతోనే మా ఇంట్లో చెప్పినాడు. మా అమ్మ ఆ దినం పొయ్యి వెలిగించలేదు. తర్వాత చాన్నాళ్లు, నేను చొక్కా వేసుకునేటప్పుడల్లా అడగకుండానే "ఇది ఎర్రది", "ఇది పచ్చది" అని చెబుతా ఉండేది, అప్పు తీరుస్తున్నట్టు. నేను సరేనని గుండీలు పెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు నేను కంప్లిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆదివారాలు ఫొటోలు ఇంకా చూస్తాను. సారు నాకు రంగుల పని మాన్పించి ఆకారాల పని ఇచ్చినాడు, సుడిగా ఉందా కోడిగుడ్డులా ఉందా అని. ఆ మధ్య అక్కకు నిజమైన పచ్చది ఒకటి దొరికింది. అవతలి వాళ్లు కూడా అవునన్నారు. పరిగెత్తినట్టు వచ్చి నాకు చూపించింది. నా కంటికి అది పక్కనున్న వాటి మాదిరే ఉంది.

"ఎట్లుండాదంటే తమ్ముడూ, కాలవ నీళ్లు వదిలినాక కొత్తగా మొలిచిన నారుమడి ఉంటాది చూడు, అట్ల" అనింది.

నాకు నారుమడి రంగూ తెలీదని ఆ సంబరంలో ఆమెకు తట్టలేదు. ఆనాడు శాలువా కప్పుకున్న కుర్రోడైతే అక్కడే తగువు పెట్టుకునేవాడు. ఇప్పుడు మాత్రం నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇంకా చెప్పక్కా అన్నాను.