సిగ్గుతో కొలిచిన ఇరవై బారలు

మస్తానన్నకు రావాల్సిన ఉద్యోగాన్ని సముద్రంలో కలిపినంత పని చేయడానికి తుఫాను అక్కర్లేకపోయింది. నా రెండు మోచేతులు సరిపోయాయి. మూడేళ్ళ కిందటి చలికాలంలో యూఏఈలోని కల్బా రేవులో ఆ మోచేతులు చేసిన ఘనకార్యం మీకు చెప్తాను. నవ్వుకోండి. ఎక్కడైనా కనిపిస్తే మాత్రం నన్ను గుర్తుపట్టనట్టే వెళ్ళిపోండి.

అప్పట్లో అక్కా బావల దగ్గర ఉంటూ ఒక గేలాల దుకాణంలో బిల్లులు కొట్టేదాన్ని. నా సిగ్గు ఎంతటిదంటే, కొన్నవాళ్ళు థాంక్స్ చెబుతూ "షుక్రన్" అంటే నా జవాబు కంప్యూటర్‌కు మాత్రమే వినపడేది. మస్తానన్న అదే దుకాణంలో పనిచేసేవాడు. నెల్లూరు జిల్లా తీరంలో, అలల చప్పుడులో పుట్టిన మనిషి. పదకొండేళ్ళుగా ఇతరుల పడవలకు గేలాలు కట్టి సాగనంపి, తాను ఒడ్డున నిలబడి చూస్తూ ఉండేవాడు.

అలాంటి మనిషికి ఒక అవకాశం వచ్చింది. ఒక అరబ్బు మదామ్ కొత్త పడవ కొన్నది. ఆడవాళ్ళనూ కుటుంబాలనూ వంజరం చేపల వేటకు తీసుకెళ్ళాలని ఆవిడ ఆలోచన. ఆ పడవకు నకోదా, అంటే నడిపించే పెద్ద, కావాలి. ఒక పొద్దున పరీక్ష పెడతానన్నది. పని నచ్చితే మస్తానన్న నకోదా అవుతాడు. నచ్చకపోతే ఫుజైరా నుంచి ఇంకొకతను సిద్ధంగా ఉన్నాడు.

సరిగ్గా పరీక్షకు ముందురోజు మస్తానన్న కుడి అరచేతిలో పెద్ద గేలం దిగింది. చేతికి కొబ్బరికాయంత కట్టు కట్టారు. ఆయన ఆ కట్టు వైపు చూసి, ఆ తరువాత నా వైపు చూశాడు.

"పాపా, పుస్తకాలు చదివేదానివి. నేను చెప్తా ఉంటా, నువ్వు గేలాలు కట్టు."

పుస్తకాలు చదివినవాళ్ళకు ముడులు వేయడం వస్తుందని ఎవరు చెప్పారో తెలియదు. కాదనడానికి నోరు పెగలక తల ఊపాను. నా జీవితంలో సగం పనులు ఇలాగే ఒప్పుకున్నాను.

వంజరం వేటలో పడవ మెల్లగా పోతుంటే వెనక నాలుగు నైలాన్ దారాలు సాగుతూ వస్తాయి. ఒక్కోదాని చివర చేపపిల్లలా మెరిసే ఎర ఉంటుంది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇక్కడ నాలుగూ ఉలిపికట్టెలే కావాలి. ఒకటి దూరంగా, ఒకటి దగ్గరగా, ఏ రెండూ సమంగా ఉండకూడదు. సమంగా ఉంటే పడవ మలుపు తిరిగినప్పుడు ఒకదానికొకటి చుట్టుకుంటాయి. మస్తానన్న చెబుతుంటే డైరీలో రాసుకున్నాను. ఎడమ బయట ఇరవై బారలు, కుడి బయట పదిహేను, ఎడమ లోపల పది, కుడి లోపల ఆరు. కొలత పూర్తయిన చోట దారానికి ఎర్ర ఊలు ముక్క కట్టాలి.

ఇక్కడే నాకు బుర్ర తిరిగింది. ఎడమ అంటే ఎవరి ఎడమ? పడవ ముందుకు చూస్తుంది, నేను వెనక్కి చూస్తాను. దాని ఎడమ నాకు కుడి. అరగంట ఆ చిక్కులోనే ఉండి, చివరికి కొలతకైనా టేపు తెమ్మంటారా అని అడిగాను.

"సముద్రానికి టేపేందమ్మా? మా నాయన చేతుల్తోనే కొలిచినాడు. రెండు చేతులూ బారజాపు, లెక్కబెట్టు. అంతే," అని ఆయన ఇంజన్ చూడ్డానికి వెళ్ళిపోయాడు.

బార అంటే ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా అని నాకు తెలుసు. తెలియక చెడినదాన్ని కాదు. జెట్టీ మీద నిలబడి ఇరవై బారల దారం మొదలుపెట్టానో లేదో, సజ్జా పారిశ్రామికవాడ నుంచి వచ్చిన కార్మికుల బస్సు ఒకటి ఎదురుగా ఆగింది. ముప్ఫై కిటికీల్లో ముప్ఫై ముఖాలు. అంతమంది ముందు చేతులు బారజాపడమా? నా మోచేతులు డొక్కలకు అతుక్కుపోయాయి. పచ్చడి జాడీ పట్టుకున్నంత వెడల్పున, ఒకటి, రెండు అని ఇరవై లెక్కపెట్టాను. మౌనం అర్ధాంగీకారమైతే సిగ్గు అర్ధ బార. పదిహేను బారల దారం నాటికి బస్సు పోయింది, చాయ్ తాగేవాళ్ళు ఇద్దరు మిగిలారు, చేతులు కొంచెం విచ్చుకున్నాయి. పదికి ఒక్కరే మిగిలారు. ఆరుకు ఎవరూ లేరు. అప్పుడు గాలిపటంలా చేతులు చాపి హాయిగా కొలిచాను.

లెక్కల్లో దిట్టలైన పాఠకులకు ఫలితం ఈపాటికే తెలిసి ఉంటుంది. నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున మదామ్ బురఖా లాంటి నల్లటి అబాయాలో, పళ్ళెమంత చలువ కళ్ళజోడుతో వచ్చింది. పడవలో ఇంకో ఆడమనిషి ఉంటే బాగుంటుందని నన్నూ ఎక్కించుకున్నది. మస్తానన్న ముందుకు చూస్తూ పడవ నడుపుతున్నాడు. వెనక నేను ఎర్ర ఊలు కనపడేదాకా దారాలు వదిలాను. నాలుగు ఎరలూ బడిపిల్లల్లా ఒకే వరసలో ఈదుతూ వచ్చాయి. నా కళ్ళకు అది ఎంత అందంగా కనిపించిందో చెప్పలేను.

అప్పుడు పడవ మలుపు తిరిగింది.

నాలుగు దారాలూ కలిసి జడ అల్లుకున్నాయి. పెళ్ళిజడ. చివర్న ఎరలు జడగంటల్లా వేలాడాయి. మస్తానన్న ఇంజన్ ఆపి, ఆ ముద్దను పైకి లాగి, ఊలు ముక్కలను ఒక్కొక్కటే చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మస్తాన్, కొలిచింది ఎవరు?" హిందీలో అడిగింది మదామ్.

"నేనే మదామ్."

"మా తాత ముత్యాల వేటకు పోయేవాడు. ఆయన కూడా చేతులతోనే కొలిచేవాడు. నీ బార చూపించు."

అబద్ధం నిలవాలంటే దారాలకు సరిపడే బార చూపించాలి. ఆ నిలువెత్తు మనిషి మోచేతులు డొక్కలకు ఆనించి, కట్టు చేతితో సహా, జాడీ పట్టుకున్నట్టు నిలబడ్డాడు. తడిసిన కోడిలా ఉన్నాడు. మదామ్ ముఖం బిగుసుకున్నది. "ఇది బారనా? ఖలాస్, వెనక్కి తిప్పు."

పదకొండేళ్ళ ఎదురుచూపు నా సిగ్గు వల్ల ఒడ్డుకు తిరిగిపోతోంది. ఎవరూ అడగకుండా నేను నోరు విప్పిన మొదటి సందర్భం అదే.

"నేను కొలిచాను మదామ్. ఆయన చేతికి దెబ్బ. అందరూ చూస్తున్నారని..."

"ఎవరు చూశారు?"

"బస్సు."

మదామ్ చుట్టూ ఉన్న సముద్రాన్ని చూసింది. "ఇక్కడ బస్సు లేదు. చూపించు."

కళ్ళు గట్టిగా మూసుకుని, ఇరవై నాలుగేళ్ళుగా దాచుకున్న చేతులను ఒక్కసారిగా బారజాపాను. కుడి చేతికి ఏదో తగిలింది. బుడుంగుమని చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి మదామ్ కళ్ళజోడు వంజరాలను వెతుక్కుంటూ కిందికి పోతోంది.

ఆవిడ ఎండకు కళ్ళు చికిలించి, "ఇది బార," అన్నది.

ఆ బారతోనే నాలుగు దారాలూ మళ్ళీ కొలిచాను. మదామ్ నాలుగడుగులు దూరంగా నిలబడి లెక్కపెట్టింది. అంతకుముందు చిక్కు విప్పే గంటసేపూ మస్తానన్న ఎడమచేత్తో ఒక్కో ముడీ తీశాడు తప్ప ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తిరుగు ప్రయాణంలో ఒక్క వంజరం పడింది, అదీ నా అరచెయ్యంత మందాన. ఒడ్డున దిగేటప్పుడు మదామ్ ఆయనతో, "సోమవారం నుంచి రా. పిల్లలు ఎక్కే పడవకు అరవని నకోదా కావాలి. టేపు నేను కొంటాను. ఈ అమ్మాయిని మాత్రం తేకు," అన్నది.

కాబట్టి కల్బా సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి పడవకూ దారం కొలవను. విధిలేక కొలవాల్సి వస్తే బస్సులు ఎన్ని ఆగినా సరే, చేతులు పూర్తిగా చాపే కొలుస్తాను. కళ్ళజోళ్ళు ఉన్నవాళ్ళు దయచేసి ముందే జేబులో పెట్టుకోండి.